రెండో కొస పట్టేదెవరు

మడతల హాల్లో అందరూ చూస్తుండగానే గువ్వ దుప్పటి కొస పళ్లతో పట్టుకుంది. అయినా ఒక్కరూ లేవలేదు.

పెద్ద దుప్పటి మడవాలంటే ఇద్దరుండాలి తల్లీ. ఇవతల కొస ఒకరు, అవతల కొస ఒకరు పట్టుకుని విదిలించి, లాగి, ఎదురెదురు నడిచొచ్చి కలపాలి. ఆ లాండ్రీలో మొదట్నుంచీ అదే పద్ధతి. ఆ పొద్దున కంట్రాక్టరు హాలు మధ్యలో నిలబడి, "హోటలు దుప్పట్లు మాయమవుతున్నాయి. ఒకటి గువ్వ పీట కింద దొరికింది. నేను ఎవరి పొట్టా కొట్టను. కానీ దొంగకి చెయ్యందించినవాళ్లూ నా లెక్కలో దొంగలే" అని మీసం దువ్వుకుంటూ పోయాడు.

ఇక పొట్టకొట్టే పని ఆడవాళ్లే చేసిపెట్టారు. గువ్వ ఒక కొస పీట కాలికి కట్టింది, రెండోది పళ్లతో లాగింది. దుప్పటి నేలకి తగిలింది. సూపర్‌వైజరు దాన్ని కింద తొట్ల గదిలోకి విసిరేశాడు. మోకాలిలోతు నీళ్లలో నిలబడి ఉతికేవాళ్లు, ఉతికిందే మళ్లీ ఉతకాల్సొచ్చేసరికి వాళ్లూ గువ్వనే తిట్టిపోశారు.

గువ్వ ఆ తొట్లలోంచి వచ్చిందే. కాలివేళ్లు నీళ్లలో నాని, ఒరిసి, చీము పట్టాయి. ఇంకోసారి తడిలో నిలబడితే పాదం దక్కదని డాక్టరు చెబితే, కాళ్లావేళ్లా పడి మడతల్లోకి వచ్చింది. వచ్చిందా, నోరు మూసుకుని ఉందా? కిందవాళ్లకి రబ్బరు బూట్లు కావాలని అడిగింది. అదమ్మా ఆవిడ చేసిన దొంగతనం! ఇప్పుడు మడతల్లో వెనకబడితే మళ్లీ తొట్లోకే.

మడతల హాలుకి పెద్దదిక్కు ఒకావిడ, అందరికీ అత్త. మనిషి మంచిదే గానీ ఒక మెట్టు పైనున్నానన్న గీర. "మనవి పొడి చేతులు, వాళ్లవి తడి కాళ్లు. కలిపి కూర్చోబెడితే ఇలాగే ఏడుస్తుంది" అనేది.

మధ్యాహ్నం ఆ అత్తే గిన్నె కడుక్కోడానికి పెరట్లోకి వెళ్లింది. కంట్రాక్టరు బావమరిది హోటలు ముద్రున్న దుప్పట్లు ఆటోలోకి ఎక్కిస్తున్నాడు. ఆవిణ్ణి చూసి బెదరలేదు సరికదా, ఇకిలించాడు.

"చూశావా అత్తా? వెళ్లి చాటింపు వెయ్యి. రేపు నీ పీట కిందా ఒకటి దొరుకుతుంది. అప్పుడు నీ కొస ఎవడొచ్చి పడతాడో చూద్దాం!"

అత్తకి ఒళ్లు భగ్గుమంది. నిజంగానే ఎవరు పడతారు? హాల్లో ఒక్కొక్క మొహమే తలుచుకుంది. ఒక్కటీ మిగల్లేదు.

గిన్నె అక్కడే పారేసి, మడతలవాళ్లందర్నీ వెంటబెట్టుకుని తొట్ల గదిలోకి దిగింది. ఎప్పుడూ ఆ గడప తొక్కని కాళ్లు నీళ్లలో పడ్డాయి. కిందవాళ్లలో బొంగురు అనే ఆవిడ ఉంది, గొంతుని బట్టి వచ్చిన పేరు.

"ఏమ్మోయ్, దారి తప్పారా? అమ్మగార్ల మడమలు నానిపోతాయి, జాగ్రత్త!"

"గువ్వ దొంగ కాదే. దొంగని కళ్లారా చూశా, బావమరిది."

"మాకెప్పుడో తెలుసు."

"తెలిస్తే దాన్నెందుకు తిట్టారు?"

వెనకే వచ్చి, తడి తగలకుండా గడప మీదే ఆగిన గువ్వ అంది: "అత్తా, ఆ కంట్రాక్టరు నా ఒంటి మీద చెయ్యి కూడా వెయ్యలేదు. మీ చేతులే చాలాయి వాడికి. మీ ఏడుపులు నాకొద్దు. నాకు వాడు కావాలి."

"ఏం చేస్తావే?"

"నాకు చేసిందే. అందరి ముందూ."

మర్నాడు హోటలుకి పెద్ద అతిథులు. ఆరిన దుప్పట్లు గుట్టలుగా హాల్లోకి వచ్చాయి. ఆడవాళ్లు చేతులు కట్టుకుని గోడకి చేరారు. పొడివాళ్ల పక్కన తడివాళ్లు. కంట్రాక్టరు అరిచాడు, బూతులెత్తాడు. ఫోను మోగేకొద్దీ గొంతు దిగింది. "అమ్మా! అక్కా! నా తల్లులారా!"

ఎవరూ కదల్లేదు. చివరికి తనే ఒక కొస పట్టి, బావమరిదికి రెండోది విసిరాడు. ఇద్దరూ ఎదురెదురు నడిచి, దుప్పటి కాళ్లకి చుట్టుకుని, తలలు ఠపీమని కొట్టుకుని కూలబడ్డారు. హాలు గొల్లుమంది.

"పళ్లతో పట్టుకో దొరా!" అంది బొంగురు.

గువ్వ కుంటుతూ వచ్చి కంట్రాక్టరు ఎదురుగా నిలబడింది. నవ్వలేదు. "దొంగెవరో ఇక్కడే, నీ నోటితో చెప్పు. వీళ్లకి బూట్లు తెప్పించు. అప్పటిదాకా నీకు చెయ్యందించే మనిషి ఈ వీధిలో ఉండదు."

వాడు బావమరిది వైపు చూశాడు. చూసి, పోలీసులకి ఫోను చేశాడు.

జీపు వచ్చింది. గువ్వనీ, అడ్డుపడిన అత్తనీ ఈడ్చుకెళ్లి ఎక్కించారు. ఆ వీధంతా లాండ్రీలే. ప్రతి గేటు ముందూ గువ్వ కట్లు కట్టిన పాదం జీపు బయటికి చాపి అరిచింది: "చూడండమ్మా! దీనికి బూటు అడిగితే దొంగనట!"

కంట్రాక్టరు మడవని దుప్పట్ల మూటలు లారీకెత్తించి పక్క లాండ్రీకి తోలాడు. అక్కడి ఆడవాళ్లు వాటిని గేటు దగ్గరే దింపించి, పైకెక్కి కూర్చున్నారు. ఇన్‌స్పెక్టరు లాఠీ ఊపుకుంటూ వచ్చాడు.

"ఆ గువ్వ మీకేమవుతుంది?"

"ఏమవుతుందో ఇప్పుడే తేల్చుకుంటున్నాం. తొందరైతే మీరూ కూర్చోండి బాబూ. ఆ కంట్రాక్టర్ని మాత్రం ఇక్కడికి నడిపించుకు రండి, దొంగెవరో వాడి నోటితోనే చెప్పాలి. వాడొచ్చేదాకా లేవం."