పసుపు చేతులతో ప్రాక్టికల్ పరీక్ష

మొన్న బాన్సువాడ బస్టాండులో మద్నూర్ బస్సు ఆగే చోట అంబిక కనిపించింది. మేం కలిసి పదేళ్లు దాటింది. "వైశాలీ! నువ్వేనానే?" అంటూ చేతిలోని సంచి అక్కడే వదిలేసి వచ్చి నన్ను కావలించుకుంది. ఆ గొంతు వినగానే మా డిగ్రీ కాలేజీ కెమిస్ట్రీ ల్యాబు నా ముక్కుకు తగిలింది.

నిజంగా ముక్కుకే. సాల్ట్ అనాలిసిస్ చేసిన రోజు మా బట్టలకు కుళ్లిన గుడ్డు వాసన పట్టేది. అంబికది పెద్ద కొడప్‌గల్. సాయంత్రం బస్సులో తను కూర్చుంటే పక్కసీటు ఖాళీ అయ్యేది. "మంచిగైంది, కాళ్లు సాపుకొని పోయిన" అని మర్నాడు నవ్వేది. టైట్రేషన్‌లో నేను తొందరపడి బ్యూరెట్ తిప్పేస్తే, తను ఊపిరి బిగబట్టి ఒక్కో చుక్కా వదిలేది. ఫ్లాస్కులో లేత గులాబీ రంగు నిలిచిందంటే ఇద్దరికీ పండగే.

ఆఖరి ఏడాది అంబికకు పెళ్లి కుదిరింది. పెళ్లికొడుకు గంగాధర్ మద్నూర్‌లో లారీ నడుపుతాడు. శుక్రవారం పెళ్లి, గురువారం యూనివర్సిటీ ప్రాక్టికల్ పరీక్ష. బుధవారం సాయంత్రం నేను వాళ్లింటికి వెళ్లేసరికి అప్పటికే పసుపు రాశారు. అంబిక కళ్లు ఏడ్చి ఉబ్బిపోయాయి.

"పసుపు రాసిన పిల్ల ఊరు దాటుతదా? పరీక్ష మళ్లేడు రాసుకుంటది తియ్యి" అంది వాళ్ల నాయనమ్మ బక్కమ్మ.

అంబిక నా ఫోను తీసుకుని దొడ్లోకి వెళ్లింది. అప్పటిదాకా గంగాధర్‌తో రెండు ముక్కలైనా మాట్లాడి ఎరగదు. "నాకు రేపు పరీక్షున్నది. మావోళ్లు పంపేది లేదంటున్నరు" అని ఒక్కమాట చెప్పి పెట్టేసింది. అవతలి జవాబు కూడా వినలేదు.

ఆ రాత్రి నేనూ అక్కడే ఉండిపోయాను. పొద్దున్నే ఇంటి ముందు లారీ ఆగింది. వెనక ఉల్లిగడ్డ బస్తాలు. గంగాధర్ దిగి నేరుగా బక్కమ్మ దగ్గరికి వెళ్లాడు.

"అవ్వా, నేనే తోల్కవోత, నేనే తోల్కొస్త. మూడేండ్లు సదివింది, గీ ఒక్క దినానికి ఆగం చేస్తమా?"

పెళ్లికొడుకే అడుగుతుంటే ఆమె ఏమంటుంది? "పైలం బిడ్డా" అని, అంబిక కొంగుకు నిమ్మకాయ కట్టి పంపింది. నేనూ లారీ ఎక్కాను.

మోచేతుల దాకా పసుపుతో ల్యాబులో నిలబడ్డ అంబికను, బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ వింతగా చూశారు. పరీక్ష సగంలో ఉండగా తన చేతి మీద సోడియం హైడ్రాక్సైడ్ ఒలికింది. చూస్తుండగానే చర్మం ఎర్రబడింది. "కాలిందా? నీళ్లు, నీళ్లు!" అంటూ ఎగ్జామినర్ పరుగెత్తుకొచ్చారు.

అంబిక నల్లా కింద చెయ్యి పెట్టి నింపాదిగా చెప్పింది. "కాలలేదు సార్. క్షారం తగిలితే పసుపు ఎర్రగైతది. ఆమ్లం తగిలితే మళ్ల పచ్చగైతది."

ఆయన పకపకా నవ్వారు. "నీ వైవా అయిపోయిందమ్మా. సాల్ట్ చూసుకో. పెళ్లెప్పుడు?"

"రేపే సార్." ల్యాబంతా గొల్లున నవ్వింది.

పరీక్ష ముగిసేదాకా గంగాధర్ కాలేజీ గేటు ముందే లారీలో కూర్చుని ఉన్నాడు. ఉల్లిగడ్డ ఆలస్యమైందని సేటు తిట్టాడట. ఆ సంగతి అంబికకు పెళ్లయిన చాన్నాళ్లకు గానీ తెలియలేదు.

డిగ్రీ పాసయ్యాక గంగాధరే తనను బీఈడీలో చేర్పించాడు. ఇప్పుడు మద్నూర్‌లో ఒక బడిలో సైన్సు చెబుతోంది.

"మా బడిల నాలుగు టెస్ట్‌ట్యూబులు, ఒక స్పిరిట్ దీపం. గంతే. పోరగాండ్లు గవ్విటికే మురుస్తరు" అంది. "హైదరాబాద్ల మందుల కంపెనీ గదా నీది, పెద్ద పెద్ద మెషీన్లుంటయి గావచ్చు?"

"ఉంటయి. బటన్ నొక్కితే నంబర్లొస్తయి. చుక్కలు లెక్కపెట్టే పని లేదు, పక్కన నువ్వు లేవు" అన్నాను.

అంతలో మద్నూర్ బస్సు వచ్చింది. కండక్టర్ కేకేశాడు. అంబిక సంచి చేతిలోకి తీసుకుంది గానీ అటు కదల్లేదు.

"ఇంకోటస్తది తియ్యి. పా, చాయ్ తాగుదాం" అంటూ నా చెయ్యి పట్టుకుంది.