రెండు చేతుల తాడు

ఆమె దుప్పటి లాగేశారు. అందరూ చూస్తుండగా లాగేశారు. అందరూ అంటే మేమే. మేం తలలు పక్కకు తిప్పుకున్నాం.

పని చేసుకునే అన్నలూ, అక్కలూ, చదువుకునే పిల్లలూ, ముందుగా ఈ సంగతే చెబుతున్నాను. మిగతాది విన్నాక మీరు మమ్మల్ని మెచ్చుకుంటే, ఇది చెప్పడానికి నాకు నోరు రాదు. ఇస్త్రీ అక్క మేస్త్రీ ముందు నిలబడి, "ఒక్కసారి నన్ను లేపండయ్యా, నా పిల్ల పిలుస్తోంది" అంది. అంతకు మించి ఒక్క మాట అనలేదు. మేస్త్రీ ఆమె దుప్పటి కొస పట్టుకుని అరటిపండు తొక్క తీసినంత తేలిగ్గా లాగేశాడు.

ఆమె లేపమన్నది ఎక్కడి నుంచో మీకు తెలియాలి. మేం పని చేసేది నిద్రలో. పొద్దున్నపూట ఎవరి బతుకు వాళ్ళది. నేను మార్కెట్లో మూటలు మోస్తాను, ఆమె మా పక్కింట్లో ఉంటూ వీధి మొదట్లో బట్టలు ఇస్త్రీ చేస్తుంది. ఎండ నెత్తి మీదికి వచ్చాక గుత్తేదారు షెడ్డుకు వెళ్ళి, వాళ్ళిచ్చిన నిద్రమందు తాగి, చాపల మీద వరసగా పడుకుంటాం. బయట తాళం వేస్తారు. కళ్ళు మూతపడగానే కొండ దేశంలో తేలతాం.

అక్కడ నదులు మెట్లెక్కి పైకి పోతాయి. చెట్లు చోటు నచ్చకపోతే లేచి వెళ్ళి ఇంకోచోట కూర్చుంటాయి. గాజుచేపలు గాల్లో ఈదుతూ బళ్ళు లాగుతాయి. మధ్యలో ఒక తెల్లటి కొండ పడుకున్న ఆవులా ఊపిరి తీస్తుంటుంది. ఆ కొండ మా నిద్రే. మా నిద్రంతా అక్కడ కుప్పపడి కొండయింది. దాన్ని మేమే తవ్వి, మేమే తట్టలకెత్తి, బళ్ళలో పోస్తాం. బళ్ళు కోటకు పోతాయి. కోటలో వాళ్ళకు సొంతంగా నిద్ర పట్టదు, ఎందుకు పట్టదో వాళ్ళనే అడగాలి. సాయంత్రం గంట మోగాక మేం లేస్తాం, పడుకునే ముందుకంటే ఎక్కువ అలిసిపోయి. మా వెనక ఇంకో షెడ్డు వాళ్ళు దిగుతారు.

ఆ దేశానికి ఒక పాడు గుణం ఉంది. మెలకువలో మనిషి ఏది లోపల దాచుకుంటాడో అది అక్కడ ఒంటి మీదికి వచ్చేస్తుంది. అందుకని గుమ్మం దగ్గర ఒక్కొక్కరికీ ఒక దుప్పటి ఇస్తారు. "మీ పరువు నేను చూసుకుంటా, నా పని మీరు చూసుకోండి" అంటాడు గుత్తేదారు. ఆ దుప్పటికి గుండీ లేదు, ముడి వేస్తే నిలవదు. ఎడమ చేత్తో గొంతు దగ్గర బిగించి పట్టుకుని కుడి చేత్తో తవ్వాలి. ఇంట్లో భోంచేసేటప్పుడు కూడా మా ఎడమ చేయి గొంతు దగ్గరే ఉంటుంది. మా పిల్లలు అలా పట్టుకుని అమ్మానాన్నల ఆట ఆడుకుంటారు.

తలలు తిప్పుకున్నామన్నాను గానీ, తిప్పుకునే ముందు అందరం చూశాం. ఇస్త్రీ అక్క వీపుకు ఒక ఉయ్యాల వేలాడుతోంది. ఖాళీ ఉయ్యాల. ఎవరూ ఊపకుండానే ఊగుతోంది. కిందటి ఎండాకాలం ఆమె చంటివాడు షెడ్డు అరుగు మీద జ్వరంతో పోయాడు. అప్పుడు తలుపుకు ఇవతల ఆమె నిద్రలో కొండ తవ్వుతోంది. ఇవాళ ఒళ్ళు కాలిపోతున్న కూతుర్నీ ఆ అరుగు మీదే పడుకోబెట్టి వచ్చింది.

"చూడండ్రా, తల్లంటే ఈవిడే!" అన్నాడు మేస్త్రీ. "కొడుకు పోతుంటే గుర్రు పెట్టి పడుకుంది. ఇవాళేమో కూతురి మీద ప్రేమ పొంగుకొచ్చిందట."

ఆమె కూలబడి దుప్పటి కోసం చేతులు చాపింది. "ఇచ్చెయ్యండయ్యా, పని చేస్తాను, ఇచ్చెయ్యండి" అంది. కూతురి మాట మళ్ళీ ఎత్తలేదు. మేస్త్రీ దుప్పటిని చంకలో పెట్టుకుని బళ్ళు పంపడానికి వెళ్ళిపోయాడు.

మెలకువ లోకంలో మనల్ని ఎవరైనా పిలిస్తే, ఆ పిలుపు కొండ దేశంలో వానచుక్కయి మన మీద పడుతుంది. మన ఒక్కరి మీదే పడుతుంది. ఇస్త్రీ అక్క జుట్టు తడిసి ముద్దయింది, పక్కనే ఉన్న మేం పొడిగా ఉన్నాం. చినుకులు మొదట గబగబా పడ్డాయి. ఇప్పుడు ఆగి ఆగి ఒక్కొక్కటి పడుతున్నాయి. దానర్థం ఏమిటో అందరికీ తెలుసు.

"తాడు మనమే లాగితే?" అన్నాడు బావ.

బావ అంటే మా అక్క మొగుడు. ఊరేగింపుల్లో బాకా ఊదుతాడు. మామూలుగా పలకరించినా వీధి చివరిదాకా వినపడుతుంది. ఆ రోజు మాత్రం గొంతు తగ్గించాడు. అతనన్న తాడు కొండ పక్కన ఆకాశంలోంచి వేలాడుతుంది. పైకొస షెడ్డులోని గంటకు కట్టి ఉంటుంది. గంట మోగితే మందు విరిగి అందరికీ మెలకువ వస్తుంది. మనిషి తొడంత లావు తాడది. రోజూ దాన్ని మేస్త్రీ మనుషులు గుంపుగా లాగుతారు. వాళ్ళకు కోట్లున్నాయి, కోట్లకు గుండీలున్నాయి, చేతులు రెండూ ఖాళీయే.

"ఒంటి చేత్తో అది గుప్పిట్లోకే రాదయ్యా" అంది బొంతలు కుట్టే అవ్వ.

"రెండు చేతులా పట్టుకోవాలి" అన్నాడు బావ.

"మరి దుప్పటో?"

కొండ ఒకసారి ఊపిరి తీసి వదిలింది.

"నేను రాను" అన్నాడు బావులు తవ్వే పెద్దాయన. "దెబ్బలు తినమంటే తింటాను. ఇది మాత్రం నావల్ల కాదు. మా కోడలు ఇక్కడే ఉంది."

కోడలు తల వంచుకుని, "మామయ్యగారి ముందు నేనూ తియ్యలేను" అంది.

"మీ పరువు తగలెయ్య!" అన్నాడు బావ. "అవతల పిల్ల గొంతు ఆరిపోతోంది."

"నీకేం నాయనా, దాచుకునేదేమీ లేదు కాబోలు. మొదట నువ్వు తియ్యి" అన్నాడు పెద్దాయన.

బావ తన దుప్పటిని గొంతు దగ్గర ఇంకాస్త బిగించుకున్నాడు.

అప్పుడు ఇస్త్రీ అక్క లేచి వచ్చింది. వెనకాల ఉయ్యాల ఊగుతోంది. మేం మళ్ళీ తలలు తిప్పబోయాం.

"తిప్పకండి" అంది. "చూశారుగా, ఇంకేముంది? కిందటి ఎండాకాలం నా కొడుకు పిలిచినప్పుడూ ఇలాగే చినుకులు పడ్డాయి. లేపమని అడుగుదామనుకున్నా. అడిగితే దుప్పటి లాగుతాడని అడగలేదు. అప్పుడు నా దుప్పటి కింద ఏముందో తెలుసా? చిరిగిన జాకెట్టు. అంతే. చిరిగిన జాకెట్టు ఎవరైనా చూస్తారని నా బిడ్డను పోగొట్టుకున్నాను. ఈ ఉయ్యాల తరవాత వచ్చింది."

ఒక చినుకు ఆమె నుదుటి మీద పడింది. దాన్ని తుడుచుకోకుండా తాడు వైపు నడిచింది.

ముందుగా అవ్వ ఎడమ చేయి వదిలింది. ఆమె నడుముకు ఒక ఎంగిలి గిన్నె కట్టి ఉంది. ఎవరింట్లోనో మిగిలింది అడిగి తెచ్చి, కొన్నానని చెప్పి మనవలకు పెడుతోంది. బావ దుప్పటి విసిరేశాడు. అతని మెడలో కుక్కపట్టా ఉంది. గుత్తేదారు ఇంటి విందులో మొరుగుతూ ఊదమంటే ఊదాడు, ఆ సంగతి మా అక్కకు చెప్పలేదు. పెద్దాయన కళ్ళు మూసుకుని వదిలాడు, కోడలూ వదిలింది. ఇద్దరి మెడల మీదా ఒకే బూటు ముద్ర, ఆరని బురదతో. పనిలో ఉంచమని ఒకరికి తెలియకుండా ఒకరు వాడి కాళ్ళ మీద పడ్డారు. కోడలు మామగారిని చూసింది. ఆయన కోడల్ని చూశాడు. తరవాత ఇద్దరూ వెళ్ళి తాడు పట్టుకున్నారు.

దుప్పట్లు ఒక్కొక్కటే రాలుతున్నాయి. ఆ దుప్పట్ల కింద ఉన్నవన్నీ ఒక్క చేయి పెట్టిన వాతలే. మాది మాది అని ఇన్నాళ్ళూ కప్పుకున్న సిగ్గు ఆ గుత్తేదారుదని అప్పుడు తెలిసింది.

నాకూ తెలిసింది. తెలిసి కూడా నేను వదల్లేదు.

నా వీపు మీద మా నాన్న ఉన్నాడు. కూజా అంత చిన్నవాడై, నా మెడ కరుచుకుని, "ఒరేయ్, నీళ్ళు" అంటుంటాడు. ఇంట్లో ఆయన మంచాన పడ్డాడు. షెడ్డు నుంచి వచ్చాక ఒళ్ళు లేవక, ఆయన అడుగుతుంటే వినపడనట్టు పడుకుంటాను. ఇంతమందిలో అది ఎలా చూపించను? కుడి చేయి తాడు మీద వేశాను. ఎడమ చేయి గొంతు దగ్గరే ఉంచాను. ఇంత జనంలో ఎవరు చూడొచ్చారులే అనుకున్నాను.

"సిగ్గు లేదట్రా మీకు!" అని అరుస్తూ మేస్త్రీ పరిగెత్తుకొచ్చాడు. ఎవరూ తల తిప్పలేదు. దుప్పటి లాగుదామంటే లాగడానికి దుప్పట్లు లేవు. వాడికి వేరే పని రాదు. తాడు కదలడానికి చాలాసేపు పట్టింది. నా రెండో చేయి కూడా పడి ఉంటే ఇంకాస్త ముందే కదిలేదేమో. వాడి కళ్ళు గుంపులో మిగిలిన ఒకే ఒక్క దుప్పటిని వెతికి పట్టుకుంటుండగా గంట మోగింది.

షెడ్డులో అందరం ఒకేసారి లేచాం. తలుపును భుజాలతో గుద్దాం, తాళం ఊడిపోయింది. అరుగు మీద పిల్ల పిలవడం మానేసి పడి ఉంది. ఇస్త్రీ అక్క దాని నోటి దగ్గర చెంప పెట్టి, "ఉందయ్యా, ఊపిరుంది!" అని కేక వేసి, భుజాన వేసుకుని డాక్టరు వీధి వైపు పరుగెత్తింది. వెనక్కి చూడలేదు. చూడకపోవడమే నాకు మేలనిపించింది.

కాసేపటికి భటులు బండి వేసుకొచ్చారు. పట్టపగలు కోటలో అందరికీ ఒక్కసారే మెలకువ వచ్చిందట. ఏం చెయ్యాలో తోచక ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటూ కూర్చున్నారట.

"అరచేతులు చూపించండి" అన్నాడు భటుల పెద్ద. తాడు ఒరిసిన చోట అందరి చేతులూ ఎర్రగా కమిలి ఉన్నాయి. ఒక్కొక్కరి రెండు చేతులూ చూసి బండి ఎక్కించాడు. నా వంతు వచ్చింది. కుడి చేయి ఎర్రగా ఉంది. ఎడమ చేయి శుభ్రంగా ఉంది.

"నువ్వేం చేస్తుంటావు?"

"మూటలు మోస్తానండి."

"అయితే ఇది మూట తాడు గీత. నువ్వు లాగలేదు. బుద్ధిమంతుడివి, ఇంటికి పో."

నేను బండి వైపు చూశాను. వాళ్ళందరికీ నిజం తెలుసు. ఒక్కరైనా తిడతారని ఎదురుచూశాను. ఎవరూ తిట్టలేదు. బావ, అవ్వ, పెద్దాయన, ఆయన కోడలు, అందరూ తలలు పక్కకు తిప్పుకున్నారు. నా పరువు కాపాడడానికి. జన్మలో అంత సిగ్గు నేనెన్నడూ పడలేదు.

"నేనూ లాగానండి" అన్నాను. "ఒక చేత్తో లాగాను. రెండో చేత్తో దుప్పటి పట్టుకున్నాను."

భటుడికి అర్థం కాలేదు. నేనే బండెక్కాను. ఎక్కాక, అడగకుండానే, మా నాన్న సంగతంతా చెప్పేశాను.

"ఇప్పుడు ఇంట్లో ఆయనకు నీళ్ళిచ్చేవాళ్ళు లేరు" అన్నాను.

"మీ పక్కింటి ఇస్త్రీ చేసే ఆవిడ ఉందిగా" అంది అవ్వ. "డాక్టరు దగ్గర్నుంచి వచ్చాక పోస్తుందిలే."

"మీ అక్కకొక మాట చెప్పి చావొచ్చుగదరా!" అన్నాడు బావ తన మామూలు గొంతుతో. వీధిలో తలుపులు తెరుచుకున్నాయి. "ఆవిడకు మాత్రం నాన్న కాదా ఆయన?"

మమ్మల్ని జైల్లో వేసి తాళం వేశారు. గంట విరిచినా మందు ఇంకా కాస్త ఒంట్లో మిగిలే ఉంది. గోడలకు చేరగిలబడి ఒక్కొక్కరం కునుకులోకి జారాం. కళ్ళు మూతపడగానే కొండ దేశం గుమ్మం దగ్గర తేలాం. మేస్త్రీ దుప్పట్ల దొంతర ముందు పెట్టుకుని నిలబడి ఉన్నాడు. బావ అతన్ని దాటి వెళ్ళాడు. అవ్వ దాటింది. నాకు ఇవ్వబోయిన దుప్పటి వాడి చేతిలోనే ఉండిపోయింది.

లోపల రెండో షెడ్డు వాళ్ళు అప్పటికే తవ్వుతున్నారు, ఎడమ చేతులు గొంతుల దగ్గర పెట్టుకుని. దుప్పట్లు లేని మమ్మల్ని చూసి గబుక్కున తలలు తిప్పుకున్నారు.

"తిప్పకండి" అన్నాను. "చూడండి. ఈయన మా నాన్న. నీళ్ళడిగితే ఇవ్వలేదు నేను."

పలుగు మీద వంగి ఉన్న ఒకావిడ తలెత్తి చూసింది. మా నాన్నను చూసింది, నన్ను చూసింది, మా వెనక వేలాడుతున్న తాడును చూసింది. ఆవిడ ఎడమ చేయి మెల్లగా కిందికి దిగింది.