పది సైజు బేరింగులు

అక్క కారు ఇంజను విప్పిన రోజే బావ తేల్చేశాడు.

"ఇది ఇంజను కాదు, ముసలాయన నోరు. ఒక్క పన్నూ గట్టిది లేదు. పాత ఇనుముకు తోసేద్దాం."

బావ మెకానిక్కు. ఆయన పోయిందన్న ఇంజను బతికిన దాఖలా లేదు. అక్కకు బతుకుతెరువే ఆ కారు. ఆరేళ్ళుగా వీధిలోని ఏడుగురు పిల్లల్ని ఆ డీజిలు కారులోనే బడికి తీసుకెళ్తోంది. సెలవులైపోయి సోమవారం బళ్ళు తెరుస్తారు. ఆ పొద్దున కారు కదలకపోతే వేరే వ్యాను మాట్లాడుకుంటామని పిల్లల తల్లులు చాలా మర్యాదగా చెప్పారు. ఆ మర్యాదకే అక్క ఎక్కువ బెదిరింది.

"పార్టులు నేను తెస్తా బావా. నువ్వు బిగించు," అన్నాడు తమ్ముడు.

తమ్ముడు లెక్కల మాస్టారు. బావ అతణ్ణి ఎగాదిగా చూశాడు.

"ఇరవై ఏళ్ళ కిందట ఆపేసిన మోడల్రా ఇది. పార్టులంటే పలకా బలపమా?"

ఆ మాట పౌరుషానికి తగిలింది. మంగళవారం నుంచి మాస్టారు కాళ్ళకు చక్రాలు కట్టుకున్నాడు. పిస్టన్ రింగులు ఒక రిటైరైన టాక్సీ డ్రైవరు అటక మీద, పాత దుప్పట్లో చుట్టి ఉన్నాయి. హెడ్ గాస్కెట్టు తుక్కు కొట్టులో గోడకు అలంకారంగా వేలాడుతుంటే బతిమాలి దింపించుకొచ్చాడు. బుధవారం క్రాంకు షాఫ్టును భుజాన వేసుకుని లేతు తాత షెడ్డుకు వెళ్ళాడు. ఇంజను అడుగున తిరుగుతూ చక్రాలకు బలమిచ్చేది ఆ ఇనుప వెన్నెముకే. దాని మీద బేరింగులు కూర్చునే చోట గీతలు పడ్డాయి.

లేతు తాత నలభై ఏళ్ళు ఇనుము చెక్కే లేతు మిషను మోతలో బతికినవాడు. మాటలు కూడా అరిగిపోయాయి. గీతలు పోయేదాకా షాఫ్టును సాన పట్టి, సుద్దముక్కతో దాని మీద "10" అని రాసి, "పది తీశా. పది సైజు బేరింగులు తెచ్చుకో," అన్నాడు. అంతే.

షాఫ్టు ఎంత సన్నబడితే దాన్ని చుట్టి పట్టుకునే బేరింగు అంత మందం పెరగాలి. మాస్టారికి ఇది ఎవరూ చెప్పనక్కర్లేదు.

గురువారం స్పేర్ పార్ట్సు పెద్దమ్మ కొట్టుకు వెళ్ళాడు. ఆవిడ నిచ్చెనెక్కి, పై అరలో దుమ్ము ఊది, ఒక పెట్టె దింపింది. "ఒక్కటే ఉంది నాయనా. నీ అదృష్టం."

పెట్టె మీద సున్నా, చుక్క, ఇరవై ఐదు అని ఉంది.

"నేనడిగింది పదండీ. అంటే సున్నా, చుక్క, పది."

"అదేలే బాబూ, ఇది..."

"పదెక్కడ, ఇరవై ఐదెక్కడ? రెండున్నర రెట్లు! షాఫ్టు బిగుసుకుని చస్తుంది. నేను లెక్కల మాస్టార్నండీ."

పెద్దమ్మ ఒక్క క్షణం ఆయన ముఖంలోకి చూసి, పెట్టెకు మూత పెట్టేసింది.

ఆ తరువాత మాస్టారు తిరగని చోటు లేదు. రెండు బస్సులు మారి మూడు ఊళ్ళు చూశాడు. ఎక్కడ "పది" అని చెయ్యి చాపినా ఇరవై ఐదో, యాభయ్యో చూపించారు. లోకానికంతా లెక్కలు రావని నిర్ధారించుకున్నాడు. శనివారం మధ్యాహ్నానికి ముఖం వేలాడేసుకుని లేతు తాత ముందు కూలబడ్డాడు.

"తాతా, పది సైజు ఈ భూమ్మీద లేదు. అందరి దగ్గరా ఇరవై ఐదే."

"తెచ్చావా?"

"ఎందుకు తెస్తాను? నాకు కావలసింది పది కదా!"

తాత మిషను ఆపేశాడు. ఆ షెడ్డులో మిషను ఆగడం పెద్ద విషయం.

"అబ్బాయ్, నా పది అంగుళాల లెక్క. అంగుళాన్ని వెయ్యి ముక్కలు చేస్తే అందులో పది. వాళ్ళది మిల్లీమీటర్ల లెక్క. నువ్వు పిల్లలకేం చెబుతుంటావు?"

మాస్టారు జేబులోంచి పెన్ను తీసి అరచేతి మీదే గుణించాడు. అంగుళానికి ఇరవై ఐదు పాయింట్ నాలుగు మిల్లీమీటర్లు. వెయ్యిలో పది. సున్నా పాయింట్ రెండు ఐదు... ఆపైన నాలుగు కూడా రాశాడు గానీ అది చేతి చెమటకు చెరిగిపోయింది. పదీ ఇరవై ఐదూ ఒకటే.

పెద్దమ్మ ఒక్కటే ఉందంది. మళ్ళీ బస్సెక్కి వేరే ఊళ్ళు చేరేసరికి కొట్లు మూసేస్తారు. రెండు రోజులైంది. ఎవరైనా పట్టుకుపోతే?

చెప్పుల్లో ఒకటి షెడ్డులోనే వదిలేసి పరిగెత్తాడు. పెద్దమ్మ షట్టరు సగం దించేసి ఉంది. వంగి, దాని కింద నుంచి తల దూర్చి, "అమ్మా! ఆ ఇరవై ఐదు..." అన్నాడు.

పెద్దమ్మ కుర్చీ కింద నుంచి పెట్టె తీసి బల్ల మీద పెట్టింది. దాని మీద చీటీ అంటించి ఉంది: *పది అడిగిన మాస్టారికి. అమ్మవద్దు.*

"తెలిసీ చెప్పలేదేమమ్మా?"

"చెప్పబోయాను. లెక్కల మాస్టార్నన్నావు. నీకు లెక్క చెప్పేంత చదువు నాకెక్కడిది నాయనా? ఎటు తిరిగినా ఇక్కడికే వస్తావని దాచా. నిన్న ఒకాయన అడిగితే లేవన్నాను కూడా."

మాస్టారు అక్కడే మెట్టు మీద కూర్చుండిపోయాడు. పెద్దమ్మ ఇచ్చిన గ్లాసెడు మంచినీళ్ళు తాగి, ఇంకో గ్లాసు అడిగాడు.

ఆదివారం పొద్దున బావ బేరింగులు పెట్టి, నూనె రాసి, షాఫ్టు బిగించాడు. ఒంటి చేత్తో తిప్పాడు. వెన్నలో వేలు తిరిగినట్టు తిరిగింది. బావ ఈల వేశాడు.

"ఏరా, ఆ పది స్పానరు అందుకో."

మాస్టారు స్పానర్ల పెట్టె మీద చెయ్యి పెట్టి ఆగాడు. "ఏ పది బావా? మిల్లీమీటర్లా?"

"మీ అక్కా నేనూ కలిసి పదేళ్ళు చెప్పినా రాని బుద్ధి," అన్నాడు బావ, "మూడు ఊళ్ళ బస్సు తిరిగితే వచ్చింది."

సాయంత్రం అక్క తాళం తిప్పింది. ఇంజను ఒకసారి దగ్గింది, నల్లగా పొగ కక్కింది, ఆ తరువాత కుదురుగా అందుకుంది. బావ చెవి పెట్టి విని, సరే అన్నట్టు తల ఊపాడు.

"ఇక ఆపు. డీజిలు దండగ."

అక్క స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టుకుని కూర్చుంది. కళ్ళలో నీళ్ళు తుడుచుకోకుండానే నవ్వింది.

"కాసేపు ఉండనీ," అంది.