రాఘవయ్య కారులో ఖాళీ సీటు

ఖాళీ సీటు చూస్తే రాఘవయ్యకి మనసు ఒప్పదు. కారు కొని ఎన్నాళ్ళో కాలేదు గానీ అలవాటు మాత్రం ట్రాక్టరు రోజులది. మామిడికాయల లోడుతో ముసునూరు నుంచి బయలుదేరితే చెయ్యెత్తిన ప్రతివాళ్ళనీ ఎక్కించుకునేవాడు. చెయ్యెత్తనివాళ్ళని "ఎక్కడికిరా?" అని అడిగి మరీ ఎక్కించుకునేవాడు. ఊళ్ళో బండి ఉన్న ఎవరికైనా అదే పద్ధతి. మనుషుల్ని దాటుకుని ఖాళీగా వెళ్ళినవాణ్ణి ఆ సాయంత్రం టీ కొట్టు దగ్గర ఏడిపించి వదిలిపెడతారు.

ఇదంతా తెలిసి కూడా మనోజ్ఞ ఆ రోజు పెదనాన్న రాఘవయ్య కారే ఎక్కాల్సి వచ్చింది.

విజయవాడలో వక్తృత్వ పోటీ. నగరాల్లో సొంత కార్లు మేలా, బస్సులు మేలా అన్నది విషయం. మనోజ్ఞ రాసి పంపిన వ్యాసం నచ్చి పిలిచారు, బస్సుల పక్షాన మాట్లాడమన్నారు. రాయడమైతే ఎంతైనా రాస్తుంది. మైకు ముందు నిలబడటమే గండం. తొమ్మిదో తరగతిలో ఆమె హాజరు పలికితే ముందు బెంచీకే వినపడదు. సలోమోను మాస్టారు తలెత్తి చూసి, ఉందిలే అని టిక్కు పెట్టుకుంటారు. అక్కడ కూడా గొంతు రాకపోతే ఆ మాస్టారి ముఖం ఎలా చూడాలన్నదే రాత్రంతా ఆమె బెంగ.

"మనం బస్సులో వెళ్దాం పెదనాన్నా" అని గొణిగింది కారు దగ్గర.

"ఏంటీ?"

"ఏం లేదు."

"నా కారెక్కి వెళ్ళి నా కారునే తిట్టి వస్తావన్నమాట! సరే, తిట్టేదేదో గట్టిగా తిట్టు. హాల్లో వెనక వరసలో కూర్చునే నాకు వినపడాలి మరి."

తోడుగా వస్తున్న మాస్టారు ముందు సీట్లో కూర్చున్నారు. డిక్కీ నిండా చుట్టాలకివ్వాల్సిన మామిడికాయలు. పట్టని అట్టపెట్టె ఒకటి మనోజ్ఞ ఒళ్ళోకి వచ్చింది. సెంటరు దాటకముందే మిషను కుట్టే శారద ఎక్కింది, నూజివీడులో లైనింగు గుడ్డ కొనుక్కోవాలట. ఆ వెనకే చిన్నరాయప్ప తాత, బుట్టలో కోడిపుంజుతో.

"కోడి కారు పాడు చేస్తుందేమో తాతా" అంది శారద.

"నీకంటే బుద్ధిమంతురాలు లేవే. దారంతా నోరు మూసుకుని కూర్చుంటుంది."

"పుంజుని పట్టుకుని బుద్ధిమంతురాలంటావేంటి! కళ్ళద్దాలు మార్పించుకో ముందు."

మాస్టారు నవ్వారు. మనోజ్ఞ కూడా నవ్వింది గానీ, అది పెట్టె వెనకాలే ఉండిపోయింది. నూజివీడులో శారద దిగితే ఆగిరిపల్లి వెళ్ళే ఒకాయన ఎక్కాడు. ఆగిరిపల్లిలో తాతా కోడీ దిగితే నున్న మామిడి మార్కెట్టుకి వెళ్ళే కమీషన్ వ్యాపారి ఎక్కాడు. ఆగినప్పుడల్లా మాస్టారు వాచీ చూసుకుంటున్నారు.

"రాఘవయ్యగారూ, ఇది కారా, పల్లెవెలుగా?"

"ఎలా అనుకుంటే అలాగే మాస్టారూ. మన అమ్మాయి మాట్లాడేది బస్సుల గురించే కదా, ప్రాక్టీసు అవుతుంది."

నున్నలో వ్యాపారి దిగాక మనోజ్ఞ ఒకసారి పాయింట్లు చదువుకుందామని పెట్టె పైకెత్తింది. కింద పెట్టుకున్న కాగితం నిండా సొన. తెల్లారి కోసిన కాయలు కావడంతో తొడిమల నుంచి కారి, పెట్టె తడిసి, అక్షరాలన్నీ అలికినట్టయిపోయాయి. మాస్టారికి చెబుదామనుకుని, నోరు రాక, కాగితం మడిచి బ్యాగులో పెట్టేసింది.

సింగ్ నగర్ వచ్చేసరికి వెనక సీట్లో రెండు చోట్లు ఖాళీ. రాఘవయ్య అద్దంలో వాటి వంక చూస్తున్నాడు, కుదురుగా కూర్చోలేకపోతున్నాడు. చుట్టూ కార్లే. ఒక్కో కారులో ఒక్కో మనిషి.

"చూశారా మాస్టారూ, ఎంత సీటు వేస్టు! వీళ్ళ ఊళ్ళో టీ కొట్లు లేవా?"

అంతలో బస్టాపు కనిపించింది. ఎండలో జనం బారులు తీరి నిలబడ్డారు. మాస్టారు "వద్దండీ" అనేలోపే కారు ఆగింది. రాఘవయ్య అద్దం దించి, ట్రాక్టరు మీంచి పిలిచినట్టు గొంతెత్తాడు.

"బెంజి సర్కిల్! బెంజి సర్కిల్ వైపు ఎవరండీ? రండి, చోటుంది!"

ఒక్కరూ కదల్లేదు. కాలేజీ పిల్లలిద్దరు వెనక్కి జరిగారు. కళ్ళజోడు పెట్టుకున్న ఒకావిడ ఫోను తీసి నంబరు ప్లేటుని ఫోటో కొట్టింది.

"ఏం తల్లీ, ఫోటో ఎందుకు? ఎక్కి కూర్చో!"

దాంతో ఆవిడ ఇంకో ఫోటో కొట్టింది. ట్రాఫిక్ కానిస్టేబులు రానే వచ్చాడు.

"సొంత బండికిచ్చే తెల్ల ప్లేటు పెట్టుకుని పాసింజర్లని ఎక్కిస్తున్నావా? దిగు. కాగితాలు తియ్యి."

"పాసింజర్లేంటి బాబూ, మనుషులు. బస్సు రావట్లేదుగా, తీసుకెళ్తానంటున్నా."

"మనిషికి ఎంత?"

"డబ్బులా? డబ్బులు తీసుకుని ఎక్కించుకుంటే మా ఊళ్ళో తలెత్తుకోగలనా?"

కానిస్టేబులుకి ఆ మాట అస్సలు నమ్మబుద్ధి కాలేదు. బండి పక్కకి తియ్యమన్నాడు. మాస్టారు ఏదో చెప్పబోతే, "మీరెవరు, క్లీనరా?" అన్నాడు. మాస్టారు వెనక్కి తగ్గారు. వాచీ వంక, మనోజ్ఞ వంక దీనంగా చూశారు.

ఆ చూపు తగలగానే మనోజ్ఞ తలుపు తీసుకుని దిగింది. ఒళ్ళోని పెట్టె దించాలన్న ఆలోచన కూడా రాలేదు, దాన్ని పట్టుకునే నిలబడింది.

"సార్!"

అంత గట్టిగా అన్నది తనేనా అని ఆమే ఉలిక్కిపడింది. బస్టాపు మొత్తం ఇటు తిరిగింది.

"మా పెదనాన్న అంతే సార్. ఖాళీ సీటుంటే బండి నడపలేడు. పొద్దున్న కోడిని కూడా ఎక్కించుకున్నాడు. టాక్సీ అయితే డిక్కీ నిండా మామిడికాయలెందుకుంటాయి, కావాలంటే చూడండి. నేను పోటీకి వెళ్ళాలి, బస్సుల గురించి మాట్లాడాలి. ఆయన ప్రతి స్టాపులో ఇలా ఆగుతుంటే నేను ఎప్పటికి చేరతాను? మీరు ఆయన్ని ఆపకండి సార్. ఇంకెక్కడా ఆగొద్దని మాత్రం గట్టిగా చెప్పండి!"

కానిస్టేబులు డిక్కీ తీసి చూశాడు. తర్వాత రాఘవయ్యని చూశాడు. నవ్వు ఆపుకుందామనుకున్నాడు గానీ, వెనక కళ్ళజోడు ఆవిడే ముందు పకపకా నవ్వేసింది.

"బెంజి సర్కిల్ దాకా నేనొస్తానండీ. దారి చూపిస్తా" అంటూ వచ్చి ఎక్కింది. ఆవిడ వెనక కాలేజీ అమ్మాయి ఒకతి. కారు నిండింది. రాఘవయ్య ప్రాణం కుదుటపడింది. ఇక ఎక్కడా ఆగనని కానిస్టేబులుకి మాటిచ్చి, బలవంతం చేసి అతని చేతిలో రెండు కాయలు పెట్టి, మాగాకే తినమని చెప్పి మరీ బండి తీశాడు.

పోటీలో మనోజ్ఞ పేరు పిలుస్తుంటే హాల్లోకి అడుగు పెట్టారు. చేతిలో కాగితం లేదు. మైకు ముందు నిలబడి చూస్తే వెనక వరసలో పెదనాన్న చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని ఉన్నాడు.

"నేను బస్సుల పక్షం" అంది మనోజ్ఞ. "కానీ కారులో వచ్చాను."

హాలు నవ్వింది. ఆ నవ్వు వింటే భయం వెయ్యలేదు, కారులో శారద పక్కన ఉన్నట్టే అనిపించింది. దాంతో కోడి దగ్గర మొదలుపెట్టి కానిస్టేబులు దాకా మొత్తం చెప్పేసింది. "ఒక్కో మనిషికి ఒక్కో కారుంటే రోడ్డు చాలదండీ. బస్సు ఖాళీ సీటుతో ఎవరినీ దాటిపోదు, అందుకే నాకు బస్సంటే ఇష్టం. మా పెదనాన్న కారన్నా అందుకే ఇష్టం" అని దిగిపోయింది.

"ఇంతకీ నువ్వు ఏ పక్షమమ్మా?" అన్నాడు న్యాయనిర్ణేత.

"అది నాకూ సరిగ్గా తెలియట్లేదు సార్."

మూడో బహుమతిగా టిఫిను డబ్బా ఇచ్చారు. పక్షం తేలి ఉంటే మొదటిదే వచ్చేదని మాస్టారు దారి పొడుగునా అంటూనే ఉన్నారు, అన్నప్పుడల్లా మురిసిపోతూనే ఉన్నారు.

సాయంత్రం తిరిగొస్తుంటే అదే సింగ్ నగర్. రోడ్డుకి ఇవతల స్టాపులో జనం. రాఘవయ్య బుద్ధిగా రోడ్డు వంకే చూస్తూ నడుపుతున్నాడు. కానిస్టేబులుకి మాటిచ్చాడాయె.

"పెదనాన్నా, ఆపు" అంది మనోజ్ఞ.

"ఏంటీ? వినపడలేదు."

"ఆపమన్నా!"

కారు ఆగింది. మనోజ్ఞ అద్దం పూర్తిగా దించి తల బయటికి పెట్టింది.

"నున్న! ఆగిరిపల్లి! నూజివీడు, ముసునూరు! రండీ, చోటుంది!"