సంచి ఎక్కడ పెడతావు?

శ్యాంబాబుని ఒక తిట్టు తిడితేగాని హరిబాబుకి తాళం తియ్యబుద్ధి కాదు. బందరులో, కోనేరు సెంటరు వెనక వీధిలో, యూనివర్సిటీవాళ్ళు ప్రాజెక్టు కోసం అద్దెకు తీసుకున్న రెండు గదుల ముందు రోజూ పొద్దున్నే అదే తంతు. "నీ నోట్లో మన్నుపడ, శ్యాంబాబూ" అని గొణిగి, అప్పుడు చెవి తిప్పుతాడు.

శ్యాంబాబు పరాయివాడు కాడు, తోడబుట్టిన అన్న. హరిబాబు బంటుమిల్లి దగ్గర రొయ్యల చెరువు కాపలాకి వెళ్ళిన ఏడాది, అవనిగడ్డ అవతల తండ్రి వదిలిపోయిన ఇంటిని పెద్దమనుషుల్ని కూర్చోబెట్టి తన పేర రాయించుకున్నాడు. పంపకానికి తమ్ముణ్ణి పిలవలేదు. హరిబాబు తిరిగొచ్చేసరికి తలుపుకి కొత్త తాళం వేలాడుతోంది. పాత తాళంచెవి మాత్రం అతని సంచి అడుగున అలాగే ఉండిపోయింది.

ఏడో తరగతితో బడి మానేసిన మనిషి. ఉప్పునీళ్ళకి పగిలిన మడమలు, చెవుల మీద నెరిసిన జుట్టు, కుడి భుజం కన్నా కాస్త కిందికి జారిన ఎడమ భుజం. ఆ భుజానికి ఖాకీ గుడ్డసంచి. అన్నం తింటున్నా, చర్చిలో మోకరించినా అది దిగదు. కాగితాల్లో అతని ఉద్యోగం పేరు కోఆర్డినేటరు. చేసేది గదులు ఊడవడం, కుర్చీలు వెయ్యడం, ఇల్లు లేని కుర్రకారుని రేవుల్లోనూ బస్టాండుల్లోనూ వెతికి పట్టుకోవడం, వాళ్ళనీ యూనివర్సిటీవాళ్ళనీ ఒకచోట కూర్చోబెట్టడం.

ఇల్లు లేని పిల్లల మీద పరిశోధన ఆ పిల్లలే చెయ్యాలని ప్రొఫెసరు కృపాకుమారి మేడం పట్టుబట్టింది. మొదట్లో "రాత్రి ఎక్కడ పడుకుంటావు?" అని అడిగితే ఒక్కరూ నిజం చెప్పలేదు. అందరికీ మేనత్తలూ బాబాయిలూ పుట్టుకొచ్చారు. పద్దెనిమిది నిండగానే అనాథల హాస్టలు బయటికి పంపేసిన దివ్యశ్రీ నవ్వి, "అలా అడిగితే పరువు అడ్డొస్తుంది మేడం. సంచి ఎక్కడ పెడతావు అని అడగాలి" అంది. దాంతో నోళ్ళు తెరుచుకున్నాయి. టీకొట్టు బల్లకింద, గిలకలదిండి రేవులో పాడుబడ్డ పడవలో, గుడివాడ ఫంక్షన్ హాలు గిన్నెల గదిలో. ఆ ఊపులోనే ఓసారి హరిబాబునీ అడిగారు.

"మరి నీ సంచో, మావయ్యా?"

"భుజం మీద. కనబళ్ళా?" అని కసిరాడు.

ఇవాళ సాయంత్రం అసలు మీటింగు. సముద్రం దారిలో ఏడాదంతా తాళంపడి ఉండే తుఫాను షెల్టరు భవనాన్ని పడుకోవడానికీ, సంచులు పెట్టుకోవడానికీ తెరవమని పిల్లలు అడగబోతున్నారు. దాని తాళం గోవర్ధనరావు అనే అధికారి చేతిలో ఉంది. ఆయనకి బదిలీ అయింది. రేపే వెళ్ళిపోతాడు.

హరిబాబు చీపురు చేతపట్టుకున్నాడో లేదో, ఫోను మోగింది. సత్తిబాబు. పడవల్లో పుట్టి, సవతితల్లి పోరు పడలేక పడవలోనే పడుకునే కుర్రాడు.

"ఏం చేశావు మావయ్యా! ఇవాళ ముహూర్తం. గుడివాడలో హాళ్ళన్నీ పెళ్ళిళ్ళే. మేమందరం వడ్డనలో ఉన్నాం."

"ముందే ఏడవచ్చుగా?"

"క్యాటరింగోళ్ళు రాత్రి చెప్పి పొద్దున్నే బండెక్కిస్తారు. రానంటే మళ్ళీ పిలవరు. అసలు నువ్వు క్యాలెండరు చూడవా?"

చూశాడు. గోడకున్నది చర్చి క్యాలెండరు. దానిమీద వాక్యం ఉంటుందిగాని ముహూర్తం ఉండదు. తేదీ సరేనన్న మేడం ఇంట్లోనూ అదే క్యాలెండరు.

ఫోను చేసి విషయం చెప్పగానే మేడం నీరుగారిపోయింది. "ఆయన మళ్ళీ దొరకడు. పోనీ, వాళ్ళ మాటలు మనమే చదివేద్దామా, హరిబాబు గారూ?"

"వద్దండీ" అన్నాడు. అంత గట్టిగా ఆవిడ దగ్గర ఎప్పుడూ మాట్లాడలేదు. "మనిషి లేకుండా మనిషి గురించి తేల్చేస్తే, మా అన్న పెట్టించిన పంచాయితీ అవుద్దండీ అది. నేను తీసుకొస్తాను."

పెద్ద ఆటో మాట్లాడుకుని గుడివాడ చేరేసరికి రెండో బంతి నడుస్తోంది. ఎర్ర కోట్లు, తలమీద తెల్ల టోపీలు పెట్టుకుని పరిశోధకులందరూ సాంబారు బకెట్లతో పరిగెడుతున్నారు. కాంట్రాక్టరు ససేమిరా అన్నాడు. ఆఖరి బంతి లేచేదాకా ఒక్కణ్ణీ వదలడట.

"చెయ్యి తక్కువైతే నేను లేనా?" అని హరిబాబు పెరుగు బకెట్ అందుకున్నాడు. సంచి భుజాన్నుంచి ముందుకి ఊగి విస్తరాకుల మీద పడబోతుంటే ఓ ముసలావిడ, "ఇదిగో అబ్బాయ్, పెరుగు పోస్తావా, సంచి పోస్తావా?" అంది. బంతంతా నవ్వింది. వెనకనించి దివ్యశ్రీ, "వేగం, మావయ్యా, వేగం! పెళ్ళికొడుకు కన్నా నెమ్మదిగా ఉన్నావు" అంటూ వంగకుండానే గారెలు విసురుతూ పోయింది. చివరి ఆకు లేవగానే బట్టలు మార్చుకునే తీరిక కూడా లేకుండా ఆటోలో కుక్కుకున్నారు.

వాళ్ళు గదిలోకి దూసుకొచ్చేసరికి గోవర్ధనరావు వాచీ చూసుకుంటున్నాడు. ఎర్ర కోటు కనబడగానే, "బాబూ, మంచినీళ్ళు" అన్నాడు.

సత్తిబాబు అలవాటు కొద్దీ గ్లాసు నింపి అందించాడు. ఆయన తాగాక గ్లాసు తీసుకుని బల్లమీద పెట్టి, పక్క కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. మిగతావాళ్ళూ కూర్చున్నారు. గదినిండా నెయ్యి వాసన. గోవర్ధనరావు మేడం వంక చూశాడు. "వీళ్ళేనండీ, మా పరిశోధకులు" అందావిడ.

దివ్యశ్రీ లేచింది. టోపీ తీసి చంకలో పెట్టుకుంది.

"మీ సంచి ఎక్కడ పెడతారు సార్?"

"ఇంట్లో. ఎక్కడ పెడతానమ్మా మరి?"

"మాది వానలో పెడతాం సార్. ఆధారు తడుస్తుంది, సర్టిఫికెట్లు పోతాయి. ఉతికిన చొక్కా ఉండదు. చొక్కా లేదని పనిలోకి రానివ్వరు. మేం మాట్లాడిన వాళ్ళందరూ నిద్ర కన్నా ముందు ఇదే చెప్పారు."

"బాగానే ఉందమ్మా. కాని ఆ భవనం తుఫానుకోసం కట్టింది."

"పోయిన తుఫానుకి తాళం తుప్పుపట్టి రాలేదు కదా సార్? జనం వానలో నిలబడితే ఎవరో గునపంతో పగలగొట్టారని విన్నారా?"

"విన్నాను. ఎవరో తెలీదు."

"మీకిప్పుడు మంచినీళ్ళిచ్చాడు సార్."

గోవర్ధనరావు సత్తిబాబు వంక తిరిగాడు. సత్తిబాబు గ్లాసు వంక చూశాడు. ఎవరు ముందు నవ్వారో తెలీదు, గది దద్దరిల్లిపోయింది.

"మేముంటే ఊడుస్తాం, గబ్బిలాల్ని తోలతాం. గాలివాన వస్తే ముసలాళ్ళని మెట్లెక్కించడానికి అక్కడే ఉంటాం" అంది దివ్యశ్రీ.

"పూచీ ఎవరు?"

"మేమే" అన్నారందరూ. మేడం కూడా, "యూనివర్సిటీ సంతకం పెడుతుందండీ" అంది.

ఆయన డ్రైవరుని పిలిచి కారులో ఉన్న తాళాల గుత్తి తెప్పించి, ఒక చెవి ఊడదీసి దివ్యశ్రీ అరచేతిలో పెట్టాడు. "పోతూ పోతూ ఒక మంచి పని చేశాననిపించుకుంటాను. రేప్పొద్దున కాగితం పంపిస్తా."

పిల్లలు పెట్టిన కేకలకి వీధి చివర ఇస్త్రీబండివాడు కూడా పరిగెత్తుకొచ్చాడు.

పొద్దుగూకకముందే అందరూ భవనం దగ్గరున్నారు. తలుపు కిర్రుమంటూ తెరుచుకుంది. సముద్రపు గాలి ముందు దూరింది, వెనక పిల్లలు. గోడ పొడుగునా సిమెంటు అరలు. ఎవరి సంచి వాళ్ళు పెట్టుకుని, నాలుగడుగులు వెనక్కి వేసి చూసుకున్నారు. ఉత్త చేతులతో నడవడం అలవాటులేక కొందరు చేతులెక్కడ పెట్టుకోవాలో తెలీక నవ్వుకున్నారు. హరిబాబు మెట్లమీద కూర్చుని అంతా చూశాడు. తన గెలుపే అన్నట్టు ఛాతీ పొంగింది. పొద్దున మేడంతో పంచాయితీ మాట అన్నాక శ్యాంబాబు ఇంతసేపు గుర్తుకురాకపోవడం అదే మొదలు.

అప్పుడే ఫోను. అవనిగడ్డ నుంచి, వదిన హన్నా. ఏళ్ళ తరవాత విన్న గొంతు.

"హరీ, మీ అన్నయ్య వెళ్ళిపోయారు. సాయంత్రం ప్రార్థనకి లేపుదామని వెళితే... లేవలేదు."

హరిబాబు సముద్రం వైపు తిరిగి నిలబడ్డాడు. ఏడవలేదు. తిట్టు కూడా రాలేదు.

"వస్తున్నా, వదినా."

బస్సుకి టైమవుతోంది. రెండు మెట్లు దిగి, మళ్ళీ ఎక్కి లోపలికొచ్చి, ఎడమ భుజం వంచి సంచి తీశాడు. ఖాళీగా ఉన్న చివరి అరలో పెట్టాడు.

దివ్యశ్రీ చూసింది. "సంచి ఇక్కడే పెడుతున్నావా, మావయ్యా?"

"ఎల్లుండికి వచ్చేస్తాగా" అన్నాడు.

రెండు భుజాలూ సమంగా ఊపుకుంటూ రోడ్డెక్కాడు. చివరి అరలో ఖాకీ సంచి పక్కకి ఒరిగి ఉంది. దాని అడుగున, గుడ్డకి తుప్పు మరకపడేలా, శ్యాంబాబు కలిపేసుకున్న ఏడు సెంట్ల ఇంటి తాళంచెవి.