ఆఁ... ఇంకొక్క మాట

సర్ర్... సర్ర్...

ఆ షెడ్డులో ఇంకా చిత్రిక ఆడుతోందని ఎదురింటావిడ పాలవాడితో అందట.

పాలవాడు మూలమీది ఇస్త్రీ ఆమెతో అన్నాడట. ఇస్త్రీ ఆమె ఆ కబురు మడత నలక్కుండా తెచ్చి చెల్లెలి చేతిలో పెట్టింది. "మీ బావగారు పోయి ఎనిమిది నెలలు కాలా? మరి పట్టపగలు పదకొండింటికి అక్కడ చెక్క గీకుతున్నదెవరమ్మా?"

చెల్లెలు షెడ్డు గుమ్మంలో చెప్పులు విడిచి, కొంగుతో ముఖం తుడుచుకుని, విన్నదంతా అప్పజెప్పింది.

"దెయ్యమైతే చీకటి పడ్డాక రావాలి కదక్కా. బావకి ఎప్పుడూ అంతే, వేళాపాళా లేదు."

అక్క నవ్వలేదు. ఫోన్ మీద వేలితో నొక్కి, బోర్లా పెట్టింది.

చప్పుడు ఆగిపోయింది.

ఆ ఫోన్‌లోంచే వస్తుంది అది. నలభై సెకన్ల వీడియో. ఆయన చేతులే కనపడతాయి, ముఖం ఉండదు. చిత్రిక ముందుకి జారుతుంది. పల్చటి పొట్టు సుడి తిరిగి లేస్తుంది... రాలుతుంది. మళ్లీ లేస్తుంది... రాలుతుంది. చివర్లో చేతులు ఆగుతాయి.

"ఆఁ... ఇంకొక్క మాట—"

అక్కడికి అయిపోతుంది.

ఆ రోజు తీసింది అక్కే, ఆయన భార్య. ఆపిందీ ఆవిడే.

*

ఆయన వడ్రంగి కాదు. తూనికలు, కొలతల ఆఫీసులో ముప్పయ్యేళ్లు చేసిన మనిషి. ఆయన వీధిలోకి వస్తే కొట్లలో తక్కెడలు నిటారుగా నిలబడేవి. ఇంటికొస్తే మాత్రం చెక్క పిచ్చి. ఆ పిచ్చితోనే ఫోన్‌లో ఒక గుంపు కట్టాడు. "రంపపు పొట్టు" అని పేరు పెట్టాడు.

మొదట పదకొండుమంది. తర్వాత మూడువేలమంది.

బ్యాంకు గుమస్తాలు, లారీ డ్రైవర్లు, పంతులమ్మలు. పగలంతా బతుకు కోసం ఏదో చేసి, సాయంత్రం కాసేపు ఉలి పట్టుకుంటే గానీ ఊపిరాడని జనం. అందరూ ఆయన్ని మేష్టారూ అనేవాళ్లు.

మేష్టారి చేతులకి ఎప్పుడూ జిగురే. కళ్లజోడు నెత్తిమీదే. అందుకని ఆయన చెప్పేవాడు, ఆవిడ రాసేది. షెడ్డుకీ వంటింటికీ మధ్య గడప మీద కూర్చుని, ఒక కన్ను ఫోన్ మీద, ఒక కన్ను పొయ్యి మీద.

ఆయన చెప్పి ముగించేవాడు. ఆవిడ మీట నొక్కేది.

నొక్కాక ఆయనకి గుర్తొచ్చేది.

"ఆఁ... ఇంకొక్క మాట."

"పంపేశానుగా!"

"పోనీలే."

పదకొండేళ్లు. నాలుగువందల పైచిలుకు జవాబులు. ఎన్ని పోనీలేలు... ఎవరు లెక్కపెట్టారు?

*

కోసిన చెక్క చచ్చిపోయిందనుకుంటాం.

చావదు.

వానకి ఉబ్బుతుంది. ఎండకి ముడుచుకుంటుంది. చెట్టు పోయి నలభై ఏళ్లయినా దాని చెక్క గాలి పీలుస్తూనే ఉంటుంది. దానికి కదలడానికి చోటివ్వకుండా బిగించేశామా... ఏదో ఒక మధ్యాహ్నం, ఇంట్లో ఎవరూ లేనప్పుడు, టప్‌మని పగులుతుంది.

ఈ మాటలు ఆయనవి. ఆయన పోయిన పదమూడోరోజున ఆవిడ వేళ్లు వాటంతట అవే రాశాయి.

నిజానికి ఆ రోజు చావు కబురు రాద్దామనే ఫోన్ తెరిచింది. తెరిస్తే ఎవరిదో ప్రశ్న కాచుకుని ఉంది. *మేష్టారూ, బల్ల పైచెక్క నిలువునా పగిలింది, ఎందుకు?* ఆవిడకి జవాబు తెలుసు. రాసింది. *బతికించారు మేష్టారూ* అని వచ్చింది.

బతికించారు.

ఆ ఒక్క మాట దగ్గర ఆవిడ చెయ్యి ఆగిపోయింది. కబురు రాయలేదు.

ఆ మర్నాడు ఇంకో ప్రశ్న. ఆ మర్నాడు ఇంకోటి. ఎనిమిది నెలలు ఆయన రోజూ మూడువేలమందిలో బతికే ఉన్నాడు. జవాబు పంపిన ప్రతిసారీ ఆవిడ షెడ్డు వైపు చెవి పెట్టి కూర్చునేది... ఆ ఇంకొక్క మాట కోసం.

వచ్చేది కాదు.

"ఏ దెయ్యమూ ఇంత ఓపిగ్గా జవాబులు చెప్పదక్కా," అంది చెల్లెలు. ఆమెకొక్కత్తికే ఈ సంగతి తెలుసు. "ఎన్నాళ్లని మోస్తావే?"

*

గుంపులో జిగురక్క అని ఒకావిడ ఉంది. రిటైరైన నర్సు. అక్కడ ఎవరికి తగువొచ్చినా మధ్యలో దూరి అతికించేస్తుందని ఆ పేరు. ఆమె రాసింది:

*మేష్టారూ, జనం పెరిగారు. కొత్తవాళ్లు అడిగిందే అడుగుతున్నారు. మీ జవాబులన్నీ పుస్తకంలా కట్టి అందరికీ కనపడేలా పైన పెడదాం. ఒక్కసారి చూసి సరే అనండి చాలు.*

వందమంది చప్పట్లు కొట్టారు. ఆవిడ వేళ్లు *సరే* అన్నాయి.

చూడలేదు. సరే అంది, అంతే. ఆయన మాటలు ఆయన చూసుకోవాలి గానీ తనెవరు చూడ్డానికి?

నాలుగొందల జవాబుల పుస్తకం పైకెక్కింది.

పన్నెండోరోజున ఒక కట్టు కట్టిన చెయ్యి ఫోటో వచ్చింది.

వడ్రంగిపిట్ట అని పేరు పెట్టుకున్న దర్జీ అతను. దారపుండలు పెట్టుకోడానికి సొరుగు చేసుకుంటున్నాడు. సొరుగు అడుగుచెక్క దూరడానికి పక్కచెక్కల్లో గాడి తియ్యాలి. పళ్ల చక్రం తిరిగే బల్ల రంపం మీద గాడి ఎలా తియ్యాలో పుస్తకంలో మేష్టారు చెప్పారు: *చక్రం వెనక నిలబడే సన్నటి రేకు అడ్డొస్తుంది. తీసెయ్యండి.*

తీసేశాడు. గాడి చక్కగా వచ్చింది. తర్వాత అదే రంపం మీద ఇంకో చెక్కని నిలువునా రెండుగా కొయ్యబోయాడు. కోసిన చెక్క మళ్లీ దగ్గరకి మూసుకుని చక్రాన్ని పట్టెయ్యకుండా ఆపేది ఆ రేకే. అది లేదు. చెక్క వెనక్కి తన్నింది. చెయ్యి చక్రం మీదికి పోయింది.

కుడి బొటనవేలు సగం లేదు. సూది పట్టే వేలు.

కింద ఎడంచేత్తో రాసుకున్నాడు: *తప్పు నాదే మేష్టారూ. మీరు తీసెయ్యమన్నారు. మళ్లీ పెట్టమని అనలేదు. ఆ మాత్రం నాకే తెలియాలి.*

ఆ జవాబు పంపిన రోజు ఆవిడ కళ్లకి కట్టింది. పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి. మీట నొక్కి పరిగెత్తింది. వెనక నుంచి ఆయన గొంతు...

"ఆఁ... ఇంకొక్క మాట."

"పంపేశానుగా!"

"పోనీలే. ఆ మాత్రం వాళ్లకి తెలియదా ఏమిటి."

పాలు గిన్నెలోనే ఆగాయి. ఒక్క చుక్క పొయ్యి మీద పడలేదు.

*

ముందు ఆవిడ గుట్టుగా దిద్దబోయింది. పుస్తకంలో ఆ జవాబు తెరిచి, చివర ఒక వరుస చేర్చింది: *గాడి అవగానే రేకు మళ్లీ బిగించండి. అది లేకుండా ఏ చెక్కనీ రెండుగా కొయ్యొద్దు.*

గంటలో జనం పట్టేశారు.

*ఈ ముక్క ముందే రాసుంటే ఒక వేలు మిగిలేది.*

*వయసైపోయింది లెండి. మేష్టారికి మునుపటి శ్రద్ధ లేదు.*

*తూకాలు సరిచూసిన మనిషే తక్కువ తూచితే ఎలాగండీ?*

ఆ చివరి వరుస ఆవిడ మళ్లీ చదివింది. ముప్పయ్యేళ్లు ఒక్క రవ్వ అటూ ఇటూ పోనివ్వని మనిషి. ఇప్పుడు నోరు విప్పి కాదనలేడు. ఆయన్ని అక్కడ బతికించుకోవాలంటే ఈ మాట ఆయన మీద పడనివ్వాలి. పడనివ్వకూడదంటే... చంపుకోవాలి. రెండోసారి. తన వేళ్లతోనే.

"ఊరుకోవే అక్కా. నాలుగు రోజులు పోతే వాళ్లే మర్చిపోతారు."

"ఆ దర్జీ మర్చిపోతాడా?"

చెల్లెలు నేల మీది పొట్టు కాలితో అటు తోసింది, ఇటు తోసింది.

ఆవిడ గడప మీద కూర్చుంది. పొయ్యి ఆర్పేసింది. రెండు కళ్లూ ఫోన్ మీదే పెట్టి రాసింది.

*మీ మేష్టారు పోయి ఎనిమిది నెలలైంది. నేను ఆయన భార్యని. అప్పట్నించీ రాస్తున్నది నేను. అంతకుముందూ రాసింది నేనే, చెప్పింది ఆయన. రేకు మళ్లీ బిగించాలని ఆయన చెప్పబోయారు. నేను వినకుండా పంపేశాను. ఆయన తూకంలో తప్పు లేదు. వేలు పోయింది నా తొందర వల్ల.*

పంపలేదు.

చాలాసేపు ఆగింది. షెడ్డు వైపు చెవి పెట్టింది... ఇంకేమైనా ఉందా? ఇంకొక్క మాట?

చెక్కలు మాత్రం ఎండకి సన్నగా చిటచిటలాడాయి.

పంపింది.

ముందు ఎవరూ నమ్మలేదు. తర్వాత అందరూ ఒక్కసారే వచ్చారు. దండాలు, ఏడుపులు. ఆయన చెప్పగా చేసిన కుర్చీల ఫోటోలు, ఊయల ఫోటోలు. ఎవరి ఇంట్లోనో ఆయన చెప్పిన కొలతకి చేసిన మంచం మీద ఎవరో నిద్రపోతున్నారు. *మీ తప్పేం లేదమ్మా* అని జిగురక్క అతికించబోయింది. *అవును, అవును* అన్నారు రెండువందలమంది.

ఆవిడ వీడియో పెట్టుకుంది.

సర్ర్... సర్ర్...

పొట్టు సుడి తిరిగి లేచింది... రాలింది.

ఎదురింట్లో కిటికీ తలుపు ఓరగా తెరుచుకుంది.

"ఆఁ... ఇంకొక్క మాట—"

అంతలో ఫోన్ చేతిలో గుయ్యిమంది. వడ్రంగిపిట్ట. ఎడమచేత్తో రాసింది, రెండే వరుసలు. అది వచ్చాక మూడువేలమందిలో ఒక్కరూ దాని కింద ఏమీ రాయలేదు. జిగురక్క కూడా రాయలేదు. ఆవిడా రాయలేదు. ఆ గుంపులో ఇవాళ్టికీ చివరన ఉన్నది అదే.

*సరేనమ్మా. నాది ఒక్కటి తెలిసింది.*

*మిగతా నాలుగొందల్లో ఎన్నిట్లో వినకుండా పంపారు?*