నాలుగు కాగితాల బరువు

ఆసుపత్రి రికార్డు గదిలో ఆవిడ పద్దెనిమిదేళ్ళుగా పనిచేస్తోంది. అందరూ ఫైళ్ళక్క అనే పిలుస్తారు. పొద్దున్నే తాళం తీసి, కిటికీలు తెరిచి, దుమ్ముకి ముక్కుకో గుడ్డ కట్టుకుని పనిలోకి దిగుతుంది. మూడు వారాలుగా పని ఒకటే, పాత ఫైళ్ళన్నీ కంప్యూటర్లోకి ఎక్కించడం. ఇకమీదట ఎవరి రిపోర్టులు వాళ్ళు ఫోన్లోనే చూసుకోవచ్చు. ఆసుపత్రి ఇచ్చిన చీటీలోని నంబరు కొట్టి, పాస్‌వర్డ్ మాత్రం ఎవరికి వాళ్ళే రహస్యంగా పెట్టుకోవాలి. ఒకరి రిపోర్టు గుమాస్తాలు చదివితే ఉద్యోగం ఊడుతుంది.

ఆ గదిలో ఫైళ్ళ బరువు కాగితాల్ని బట్టి కాదు, మనిషి ఒంట్లో ఉన్నదాన్ని బట్టి ఉంటుంది. జలుబూ దగ్గుల వాళ్ళవి ఎంత లావున్నా దూదిలా లేస్తాయి. నయమైపోయినవాళ్ళవి ఫ్యాను గాలికి ఎగిరిపోకుండా పైన రాళ్ళు పెడతారు. ఊరందరికీ తెలిసిన సంగతే. బరువు ఫైళ్ళు పై అరల్లో పెట్టరాదని గోడ మీద నోటీసు కూడా ఉంది.

ఆ బుధవారం పదింటికి కింది అరలోంచి పల్చటి ఫైలొకటి లాగబోతే కదల్లేదు. రెండు చేతులా లాగింది. నడుం పట్టేసింది. స్ట్రెచర్లు తోసే ఇద్దరిని కేకేస్తే, ముగ్గురూ కలిసి రొప్పుతూ బల్ల మీదికి చేర్చారు. బల్ల కిర్రుమంది. తీరా చూస్తే లోపల నాలుగంటే నాలుగు కాగితాలు.

పేరు పక్కన దర్జీ పని అని ఉంది. చివరి కాగితం ఎనిమిది నెలల కిందటిది. దాని అడుగున డాక్టరు సంతకం ఉండాల్సిన చోట ఖాళీ. సంతకం లేని రిపోర్టు అరలోకి పోకూడదు. అక్కడ పెట్టింది తనే, అప్పుడు ఒంటిచేత్తో ఎత్తేసింది.

పరుగున వెళ్ళి డాక్టర్ని పిలుచుకొచ్చింది. ఆయన నిలబడే చదివి కళ్ళజోడు తీశాడు.

"ఈవిణ్ణి ఇవాళే రప్పించండి" అన్నాడు. అంతే.

వెంటనే ఫోన్ చేసింది.

"అమ్మా, ఆసుపత్రి నుంచి మాట్లాడుతున్నాను. మీ రిపోర్టు ఆన్‌లైన్లో పెట్టాం, మీకో నంబరు వస్తుంది..."

"అది మీకు చెప్పాలి, అంతేగా? పోయిన నెల ఒకడు ఇలాగే నా చెవిలో పూలు పెట్టాడు. చాల్లే, ఫోన్ పెట్టేయండి!"

మళ్ళీ చేస్తే మోగనే లేదు.

ఫైళ్ళక్క ఆవిడ నంబరుతో చీటీ రాయించుకుని బస్సెక్కింది. దిగి, చిరునామా అడుక్కుంటూ ఆ సందులో పరుగులాంటి నడక నడిచింది. కొట్టు తలుపు సగం మూసి ఉంది. లోపల దర్జీ ఆవిడ సంచిలో కత్తెరలు సర్దుకుంటోంది. నలభై ఏళ్ళుంటాయేమో, మనిషి నిక్షేపంగా ఉంది.

"పొద్దున ఫోన్ చేసింది నేనేనమ్మా. మీరు ఆసుపత్రికి రావాలి."

"పన్నెండున్నరకి నా బస్సు. వేరే ఊళ్ళో ఆర్నెల్ల పని ఒప్పుకున్నాను. తిరిగొచ్చాక వస్తాను."

"అంతవరకు ఆగకూడదు."

"ఎందుకాగకూడదు? గడ్డ చూపించుకున్నాను. ఏదైనా ఉంటే కబురు చేస్తామన్నారు. చెయ్యలేదు. ఇప్పుడేముందో చెప్పండి."

"నేను చదవలేదమ్మా, చదవకూడదు. చదివిన డాక్టరుగారు ఇవాళే రమ్మన్నారు."

"అందరూ ఇలాగే హడలగొడతారు" అంటూ ఆవిడ సంచి జిప్పు లాగింది. గోడ గడియారంలో పన్నెండు కావస్తోంది.

"మీ ఫైలు ఎత్తడానికి ముగ్గురం పట్టాల్సొచ్చింది" అంది ఫైళ్ళక్క. "అందులో ఉన్నవి నాలుగు కాగితాలే."

జిప్పు మీద చెయ్యి ఆగిపోయింది. ఆవిడ కుట్టు మిషను ముందున్న స్టూలు మీద కూర్చుంది. చెయ్యి చాచి ఫైళ్ళక్క చేతిలోని చీటీ తీసుకుంది.

"అటు తిరగండి."

ఫైళ్ళక్క గోడవైపు తిరిగింది. గోడ మీద గీసిన కొలతల గీతలు కళ్ళముందు అలుక్కుపోతున్నాయి. వెనక ఫోన్ మీద వేలు తగిలే చప్పుడు. తర్వాత అదీ లేదు. తిరిగి చూడాలనిపించింది, చూడలేదు.

"ఇది ఎనిమిది నెలల కిందటిది" అంది దర్జీ ఆవిడ. "ఇన్నాళ్ళూ ఎక్కడుంది?"

"అరలో. డాక్టరు చూడకుండానే నేను పెట్టేశాను. సంతకం ఉందో లేదో చూసుకోలేదు."

ఆవిడ ఫోన్ మిషను మీద పెట్టి లేచి నిలబడింది. తిట్టినా బాగుండుననిపించింది ఫైళ్ళక్కకి.

"ఈ మాట అక్కడ కూడా చెప్తావా?"

"చెప్తాను."

"అయితే పద."

సంచి కొట్లోనే వదిలేసి తాళం వేసింది. సందులో ఫైళ్ళక్క చెయ్యి పట్టుకోబోతే వద్దంది.

ఆసుపత్రిలో డాక్టరు నోరు తెరవకముందే ఫైళ్ళక్క తన తప్పు చెప్పేసింది. శుక్రవారం ఆపరేషన్ చేశారు. గడ్డ ఇంకా పక్కకి పాకలేదు. ఇంకో ఆర్నెల్లు గడిచుంటే తను చేయగలిగేదేమీ ఉండేది కాదని డాక్టరు దర్జీ ఆవిడతోనే చెప్పాడు. ఫైళ్ళక్కకి సంజాయిషీ అడుగుతూ కాగితం వచ్చింది. జరిగింది జరిగినట్టు రాసిచ్చింది.

దర్జీ ఆవిడ పద్దెనిమిది రోజులు మంచం మీద ఉండి, ఎవరి ఊతా లేకుండా మెట్లు దిగి ఇంటికెళ్ళింది.